తుండుగుడ్డ కింద ధర

తోతాపురి మామిడికాయకు ఓపిక తక్కువ. నాకంటే కొంచెం ఎక్కువేమో గానీ, మా ఆవిడకంటే బాగా తక్కువ. కోసిన రోజు రాయిలా ఉంటుంది. మరుసటి రోజుకు ముక్కు దగ్గర మెత్తబడుతుంది. ట్రాలీలో ఒకదాని మీద ఒకటి పడి, పైన ఎండ, లోపల తమ వేడి తమకే కొట్టి, ఆ తర్వాత తొడిమ చుట్టూ నల్లగా తిరుగుతుంది. అప్పుడు ఫ్యాక్టరీ గేటులో కాయ కోసి చూసే మనిషి తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఒక్క ఊపుకు మా పంట రోడ్డు పక్క గుంతలో పడుతుంది.

ఆ ఏడు మా ట్రాక్టరు బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ వరసలో ఇరుక్కుంది. ముందర ట్రాక్టర్లు, వెనక ట్రాక్టర్లు. పక్కన చెన్నై-బెంగళూరు రోడ్డు మీద లారీలు మా మీద దుమ్ము చల్లుకుంటూ పోతున్నాయి. మా బండి దగ్గర నుంచి గేటు కనిపించదు. ఉందని నమ్మి నిలబడాలి, తిరుమల క్యూలో నిలబడ్డట్టు. అక్కడైతే చివర్లో లడ్డూ అన్నా ఖాయం.

మా ఆవిడ ట్రాలీ ఎక్కి, కప్పిన వేపమండలు తొలగించి, మెత్తబడిన కాయల్ని తాకి చూసి ఏరి పక్కన వేస్తోంది. ఒకటి మెత్తబడితే పక్కదాన్నీ చెడుపుతుంది. ఈ గుణం మనుషుల దగ్గర నేర్చుకుందో, మనుషులే దాని దగ్గర నేర్చుకున్నారో తెలియదు.

రేటు ఎంత అని గేటులో అడిగితే ఒకటే జవాబు. పోయినేటి గుజ్జు డ్రమ్ములు ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. బయటి దేశాల్లో మన గుజ్జు మీద పన్ను వేస్తున్నారు. రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒప్పందం మాట్లాడుకుంటున్నాయి. అది తేలితే గానీ రేటు చెప్పలేం. ఎనిమిదో తరగతిలో నేను బడికి దండం పెట్టేనాటికి మా భూగోళం పాఠం రాష్ట్రం దాటలేదు. ఇప్పుడు మా చెట్టు కాయ దాటాల్సిన దేశాలు చూస్తే, ఇంకో రెండేళ్ళు ఓర్చుకుని ఆ బెంచీ మీదే కూర్చోవలసింది అనిపిస్తుంది.

మా వెనక బండి ఒక పెద్దాయనది. ఆయన బీడీ ఆర్పి నా దగ్గరికి వచ్చాడు.

"ఒప్పందమంటే ఎవురికీ ఎవురికీ అబ్బా?"

"మన సర్కారుకీ వాళ్ళ సర్కారుకీ పెద్దాయనా."

"మరి కాయ మనదిగదా. మనల్నొక మాట అడగరా?"

"మేకనడిగి మసాలా నూరతారా యాడన్నా?"

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వుతూ ట్రాలీ అంచున చెయ్యి పెట్టాను. నా బొటనవేలు ఒక కాయలోకి దిగబడింది. నా నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ మేనేజరు వరస వెంట నడుచుకుంటూ వచ్చి మా బండి దగ్గర ఆగాడు. మంచివాడే. మామూలు రోజుల్లో మమ్మల్ని చూసి తల ఊపుతాడు, అదీ నిలువుగా.

"అన్నా, రేపు తిరుపతిలో మీటింగుండాది. ఢిల్లీ నుంచి ఆఫీసరొస్తా ఉండాడు. ఈ ఒప్పందం మాట్లాడే వాళ్ళలో ఆయనొకడు. ఫ్యాక్టరీల వాళ్ళు, ఎగుమతి వాళ్ళు అందరూ వస్తారు. ఒక రైతు కూడా కావాల."

"ఒకడెందుకప్పా, రోడ్డంతా ఉండారు గదా. లారీ తెప్పించి ఎత్తకపో."

"మాట్లాడే రైతు కావాల. నీకు నోరుండాది."

"నోరుంటే సాలునా? నా కాయకు నోరు లేదు, అది ఈడ కుళ్ళిపోతా ఉండాది."

ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు ఆడ మాట్లాడినాక ఈడ నీ బండి లోపలికి పోతాది. నాది పూచీ."

మా ఆవిడ ట్రాలీ మీద నుంచే అంతా వింటోంది. ఆయన వెళ్ళాక కిందికి దిగింది.

"పో. అయితే ఆడ నీ ఎగతాళి మాటలు మాట్లాడద్దు. నోట్లో కాయలు పెట్టుకోని పోతా ఉండావని గుర్తు పెట్టుకో."

పొద్దున కారు వచ్చింది. సంచిలో ఉన్న ప్యాంట్లలో శుభ్రమైనది చూసి వేసుకున్నాను. మేనేజరు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"పంచె లేదా?"

"నేను ప్యాంటేసుకునే రైతునే గదప్పా, రోజూ సూస్తా ఉండావు గదా."

"నాకు దెల్సు. సారుకు దెల్దు గదా."

వెనక బండి పెద్దాయన సంచిలో మార్చుకునే పంచె ఉంటే అడిగి కట్టుకున్నాను. భుజం మీద ఆయన తుండుగుడ్డే వేసుకున్నాను. నిజమైన రైతు రైతు వేషం కట్టుకుని రైతుల తరఫున మాట్లాడటానికి బయలుదేరాడు. నాటకాల వాళ్ళు చూసి ఉంటే ముఖానికి రంగు కూడా పూసేవాళ్ళు.

కారు చిత్తూరు దాటింది. ఏం చెప్పాలో మేనేజరు చెప్పించడం మొదలుపెట్టాడు.

"అక్కడ పన్ను తీసేస్తే రైతుకు మంచి రేటొస్తాది సార్, అను. అంతే."

"వస్తాదా?"

"ముందు నువ్వు చెప్పు. తర్వాత సూద్దాం."

పాకాల వైపు దారి మళ్ళే చోట ఆయనకు ఇంకోటి గుర్తొచ్చింది. "ఇంగోటన్నా. వాళ్ళ దేశం నుంచి వచ్చే పండ్ల రసం మీద మనం వేసే పన్ను గురించి అడిగితే, నాకు తెల్దు సార్ అను."

"నిజంగానే తెల్దు."

"మంచిది. అట్లే ఉండు."

తిరుపతి వచ్చేదాకా ఆ మాట నన్ను కొరుకుతూనే ఉంది. వాళ్ళ రసం మనకెందుకు? మన గుజ్జే గోడౌన్‌లో మగ్గుతోందని కదా మా బండ్లు రోడ్డు మీద నిలబెట్టారు? అడిగితే ఆయన కిటికీ అద్దం దించి గాలి చూసుకున్నాడు. కారులో ఏసీ నడుస్తూనే ఉంది.

హోటల్లో పెద్ద హాలు. చలి ఎంతంటే, నేను కాయనయ్యుంటే నెల రోజులైనా చెడిపోయేవాణ్ణి కాదు. ప్రతి కుర్చీ ముందరా చిన్న పలక, దాని మీద పేరు, హోదా. నా ముందున్న పలక మీద ‘రైతు’ అని మాత్రం ఉంది. ఎవడు దొరికితే వాణ్ణి కూర్చోబెట్టడానికి వీలుగా.

ఢిల్లీ ఆఫీసరు మన తెలుగాయనే. కోస్తా వైపు మాట, ప్రతి వాక్యం చివరా ‘అండీ’. మర్యాదస్తుడు. ఆయన వెనక కుర్చీలో నీలం చొక్కా వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. ఆయన ముందర మాత్రం పలక లేదు. మొదట సహాయకుడేమో అనుకున్నాను. కానీ ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడల్లా ఆఫీసరు కొంచెం వెనక్కి వాలుతున్నాడు, నీలం చొక్కా చెవిలో ఏదో చెబుతున్నాడు, ఆఫీసరు ముందుకు వచ్చి జవాబిస్తున్నాడు. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో తెర వెనక నుంచి పాట వచ్చేది, ముందు బొమ్మ చేతులు ఊపేది. అట్లా అనడం ఆఫీసరుకు అన్యాయమే. ఆయన బొమ్మ కాదు. కానీ పాట ఆయనది కాదు.

"ఆయనెవరు?" అని మేనేజరును గిల్లి అడిగాను.

"పెద్ద జ్యూసు కంపెనీ తరఫున. మా గుజ్జు కొనేది వాళ్ళే. బయట దేశాల్లో కూడా జ్యూసు వ్యాపారం వాళ్ళదే."

ఆఫీసరు ఒప్పందం గురించి వివరించాడు. ఇచ్చిపుచ్చుకోవడమండీ, వాళ్ళు మన గుజ్జు మీద పన్ను తగ్గిస్తే, మనం వాళ్ళ పండ్ల రసాల మీద తగ్గించాలి, అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది, కారులో నన్ను ఏం తెలియకుండా ఉండమన్నారో. మన గుజ్జు అక్కడికి పోతుందో లేదో కానీ, వాళ్ళ రసం ఇక్కడికి చవగ్గా వచ్చేస్తుంది, ఇక్కడ మన గుజ్జుకు గిరాకీ పోతుంది. అటు అమ్మినా ఇటు అమ్మినా ఆ కంపెనీకి ఒకటే. మా తోతాపురికి మాత్రం ఒకటే దారి, ఆ గేటు.

నా వంతు వచ్చింది. మైకు పట్టుకుని చెప్పించినది చెప్పాను. పన్ను తీసేస్తే రైతుకు మంచి రేటొస్తాది సార్. చప్పట్లు కొట్టారు. కూర్చోబోతుంటే ఆఫీసరు ఆపాడు.

"ఆ లాభం మీదాకా వస్తుందని మీరు నమ్ముతున్నారా అండీ?"

నేను మేనేజరు వైపు చూశాను. ఆయన నీళ్ళ సీసా మీద అక్షరాలు చదువుకుంటున్నాడు. నా నడుము దగ్గర ఫోను వణుకుతోంది. మా ఆవిడే.

"మా దాకా రావాలంటే దారిలో గేట్లు శానా ఉండాయి సార్. నేను ఒక గేటు ముందర నిలబడే అలిసిపోయినా."

హాలంతా నవ్వింది. ఎగతాళి వద్దన్న మా ఆవిడ మాట అప్పుడు గుర్తొచ్చింది. కానీ నోరు అప్పటికే జారుతోంది. "తప్పుగా అనుకోవద్దు సార్. ఈ ఒప్పందం రాసేది మీరా, వీళ్ళా?"

నవ్వు ఆగింది. ఆఫీసరు నొచ్చుకోలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బల్ల దగ్గర కూర్చునేది మేమేనండీ. కానీ నేను ఒకరోజు గుజ్జు, ఒకరోజు నూలు, ఒకరోజు మందులు మాట్లాడాలి. దేనికి ఎంత అడగాలో, ఎక్కడ తగ్గాలో ఆ పరిశ్రమ వాళ్ళే చెబుతారు. చెప్పనిది అడగడం మాకు తెలియదు. అందుకే కదా మిమ్మల్నీ పిలిచాం. చెప్పండి, మీకేం కావాలి?"

ఇలా అడిగే మనిషి జీవితంలో ఒకసారి దొరుకుతాడు. రేటు ముందు చెప్పి కాయ దించుకోమనండి సార్. వాళ్ళ రసం మీద పన్ను తీయొద్దండి సార్. రెండే మాటలు, నాలుక కొసన ఉన్నాయి. వాటి వెనక మా ట్రాలీ ఉంది, వేపమండల కింద మెత్తబడుతూ. ఊరంతా నన్ను వాగుడుకాయ అంటారు. ఆ పూట వాగుడూ లేదు, కాయకూ దిక్కు లేదు. "ఆలోచించి చెప్తా సార్" అని కూర్చున్నాను.

టీ ఇచ్చారు. వరండాలోకి పోయి మా ఆవిడకు ఫోను చేశాను.

"యాడుండావు? ఎన్నిసార్లు చేసేది! పెద్దాయన బండి తిప్పి పంపించేసినారు. కాయ మెత్తబడిందంట. మనదీ అట్లే ఉండాది. ఇంగా ఎంతసేపు?"

"మాట్లాడినా. పిలుస్తారు."

"ఎవురు పిలుస్తారు? ఎప్పుడు?"

ఫోను నడుములో దోపుకుని లోపలికి వచ్చేశాను. చెవుల్లో ఇంకా ఆమె గొంతు ఉంది. ఎదురుగా ఆఫీసరు, "బాగా మాట్లాడారండీ" అంటూ చెయ్యి చాచాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బడి మానేశాక నాయన నన్ను మామిడికాయల మండీలో ఒక దళారి దగ్గర పనికి పెట్టాడు. అక్కడ పెద్ద బేరాలు నోటితో చేయరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. ఏ వేలు, ఎన్ని వేళ్ళు, ఎక్కడ నొక్కాలి, అన్నిటికీ లెక్క ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్ళకు రెండు ముఖాలు కనిపిస్తాయి, ధర కనిపించదు. నా ఎదురుగా ఎవరైనా చెయ్యి చాస్తే నా ఎడమచెయ్యి దానంతటది భుజం మీదికి పోయేంత అలవాటు అయ్యింది. తర్వాత ప్యాంట్లలో పడి, భుజం మీద గుడ్డ లేక, ఆ అలవాటు నిద్రపోయింది.

ఆ రోజు గుడ్డ ఉంది. నా బుద్ధి బంగారుపాళ్యంలో ఉంది. ఢిల్లీ ఆఫీసరు చేతిని పట్టుకుని, దాని మీద పెద్దాయన తుండుగుడ్డ కప్పేశాను.

టీ కప్పులు గాలిలో ఆగాయి. ఆఫీసరు చెయ్యి గుడ్డ కింద ఏమీ అనకుండా, ఉడికిన వంకాయలా, నా చేతిలో ఉంది.

"ఇదేమిటండీ?"

సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన కోప్పడలేదు సరికదా, పిల్లాడిలా సరదా పడ్డాడు. చెయ్యి తీసుకోలేదు. "ఇప్పుడు నేను ధర చెప్పాలా? నిజంగా నాకు తెలియదండీ. ఆయన్ని అడగండి" అని నీలం చొక్కా వైపు చూపించాడు.

నీలం చొక్కా కప్పు పక్కన పెట్టి, మణికట్టు గుండీ విప్పి, గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. ఏ వేలుకు ఎంతో గుడ్డ కిందే నొక్కి చూపించాను. ఒకసారికే పట్టేశాడు. నేను దళారి దగ్గర ఎన్ని మొట్టికాయలు తిని నేర్చుకున్నానో తలచుకుంటే అసూయ వేసింది. ముందు నేను నా ధర నొక్కాను. కోతకూలీ, బండి బాడుగ, మందుల ఖర్చు పోను మేం బతికే ధర. ఆయన ఆలోచించలేదు. ఆట ఆడుతున్నట్టు నవ్వుతూనే తన ధర నొక్కాడు. నేను మళ్ళీ నొక్కాను. ఆయన మళ్ళీ అదే, తడబాటు లేకుండా, వెచ్చటి పొడిచేత్తో. పోయినేడు మాకు వచ్చినదాంట్లో సగం.

మా గేటు దగ్గర ఎవరికీ తెలియదన్న రేటు, ఒప్పందం తేలితే గానీ పుట్టదన్న రేటు, ఈయన వేళ్ళలో అప్పటికే ఉంది.

"ఎంతన్నారు?" ఆఫీసరు అడిగాడు.

"గుడ్డ కింద మాట బయట చెప్పకూడదు సార్. చెప్పినోడు మళ్ళా బేరానికి పనికిరాడు."

ఆఫీసరు నవ్వాడు. "మాదీ అదే నియమమండీ. సంతకాలయ్యేదాకా ఒప్పందంలో ఒక్క ముక్క బయటపెట్టకూడదు."

"మంచిది సార్. మరి ఈ సారు గుడ్డకు లోపలుండారా, బయటుండారా?"

అందరికంటే గట్టిగా నవ్వింది నీలం చొక్కానే. ఆఫీసరు టీ తాగుతూ కప్పులోకి చూసుకున్నాడు. గుడ్డ కింద మాట ఇక్కడ రాసేశాను కాబట్టి, నేను మళ్ళీ మండీ బేరానికి పనికిరానని మీరు అనుకోవచ్చు.

తిరుగు దారిలో మా ఆవిడ ఫోను వచ్చింది. బండిని లోపలికి పిలిచారట. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. నాకు ఊపిరి వచ్చింది, సగం. చిత్తూరు దగ్గరపడుతుండగా, ఆయన నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎంతన్నాడన్నా ఆయన?"

"నీకు దెల్దా?"

"మా ఓనరుకే ఇంగా చెప్పలేదు. మా మామ తోట కూడా తోతాపురే అన్నా. కోయాల్నా వద్దా అని రోజూ అడగతా ఉండాడు."

నేను భుజం మీది గుడ్డ తీసి మడత పెట్టాను. ఆయన నా ముఖం చూశాడు, ఇక అడగలేదు.

ఫ్యాక్టరీ దగ్గర మా ట్రాలీ ఖాళీగా బయటికి వచ్చి ఉంది. దాని అడుగున జిగట, రెండు మూడు వేపరెమ్మలు. మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"రేటు?" అన్నాను.

"కాటా ఏసి దించుకున్నారు. రేటు తర్వాత చెప్తారంట."

వరసలో వాళ్ళు నన్ను చూసి దిగివచ్చి చుట్టూ నిలబడ్డారు. మేం వాళ్ళను దాటి లోపలికి పోయామని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఏం తేల్చినారబ్బా తిరపతిలో?"

"గుజ్జుకు పన్ను తగ్గచ్చు. అది వాళ్ళ లాభం. రేటు మటుకు ఇప్పటికే తేలిపోయుండాది. పోయినేటి దాంట్లో సగం అనుకోని ఎవురి లెక్క వాళ్ళు సూసుకోండి."

"ఎవురు చెప్పినారు, ఢిల్లీ ఆయనా?"

"ఢిల్లీ ఆయనకు చెప్పేటాయన."

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. ఒకాయన తన ట్రాలీ వైపు నడిచి, కాసేపు చక్రానికి ఆనుకుని నిలబడి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. కోసేసిన కాయ. ఇంకెక్కడికి తీసుకుపోతాడు?

నా ఫోను మోగింది. కోత మేస్త్రీ. మా తోటలో సగం కాయ ఇంకా చెట్ల మీదే ఉంది. "రేపు మనుషుల్ని తోలకరావాల్నా అన్నా?" అంటున్నాడు. నేను ఫోను చేత్తో మూసి మా ఆవిడ వైపు తిరిగాను. మా ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"సగమంటివే, నిజమేనా?"

"నిజమే."

"కూలీకీ బాడుగకీ పోతే?"

"మనకు జిగట మిగులుతాది."

ఆమె ఫోను లాక్కుంది. "మేస్త్రీన్నా, రేపొద్దు. మేం చెప్పేదాకా రావద్దు. ఆ, చెట్టు మీదే ఉండనీ. కోసినామంటే కాయ వాళ్ళ మాట ఇంటాది." గాలికి కాయ రాలిపోతాదని అటువైపు మేస్త్రీ అంటున్నాడు. ఆమె వింటూ తల ఎత్తి, కొండల వైపు చూసింది. అటు మబ్బు కమ్ముకుని ఉంది.

"దెల్సులేన్నా," అంది నెమ్మదిగా, "ఈడ కూడా గాలి లేస్తా ఉండాది."